ఆ బీరువా ఖాళీ చేసే ముందు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఇంటికి కొత్త కనెక్షన్ వచ్చిందనీ, ఎంత పెద్ద గ్రంథమైనా రెప్పపాటులో దిగిపోతోందనీ రాశావు. గీత చదవడం మొదలుపెడతానన్నావు, చాలా సంతోషం. ఆ సంతోషం పూర్తిగా అనుభవించక ముందే కింద ఇంకో వాక్యం చదివాను: "తాతయ్య బీరువాలో ఉన్నవన్నీ నెట్‌లో దొరుకుతున్నాయి కదా పెదనాన్నా, ఎవరికైనా ఇచ్చేద్దామా?" ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నేను నెట్‌కి వ్యతిరేకినేం కాదు. పాత అచ్చుల్లో వ్యాఖ్య ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో నీకు తెలుసు, నా కళ్లకు ఇప్పుడవి ఆనడం లేదు. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దవి చేసుకుని చదువుతున్నాను. అందుకని దీన్ని ముసలాయన చాదస్తంగా కొట్టిపారెయ్యకు. కొంత చాదస్తం ఉంటుందిలే, అది వేరే సంగతి.

మొదటిసారి నాకు మంచి స్పీడున్న నెట్ వచ్చినప్పుడు ఏం చేశానో చెప్తాను. రోజూ రాత్రి భోజనం కాగానే కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఉపనిషత్తులు, వాటి భాష్యాలు, భాష్యాల మీద టీకలు, ఎప్పుడో పేరు విన్న పుస్తకాలు, పేరు కూడా వినని పుస్తకాలు, అన్నీ దించాను. మూడు నెలలకి నాలుగు వందల పైచిలుకు పీడీఎఫ్‌లు పోగయ్యాయి. వాటికి ఫోల్డర్లు, ఫోల్డర్లలో మళ్లీ ఫోల్డర్లు. చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు మీ పెద్దమ్మ వచ్చి, "ఇంతకీ ఏం చదివారు?" అంది. ఆలోచిస్తే ఈశావాస్యోపనిషత్తు కూడా పూర్తి కాలేదు. అది మొత్తమే 18 మంత్రాలు! పెద్ద అక్షరాల్లో అచ్చువేసినా నాలుగైదు పేజీలు దాటదు.

అంతకుముందు నెట్ నత్తనడక నడిచిన రోజుల్లో ఒక పుస్తకం దిగాలంటే రాత్రంతా పట్టేది, మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటికి. అందుకే ఏది కావాలో ముందుగా బాగా ఆలోచించుకునేవాణ్ణి. పొద్దున లేచేసరికి అది దిగి ఉంటే, చేతిలో ఉన్నది అదొక్కటే కనక అదే చదివేవాణ్ణి. స్పీడు పెరిగాక ఆ ఎంచుకోవడం పోయింది. దించుకోవడమే చదవడంలా అనిపించడం మొదలైంది. నువ్వు జారేది కూడా సరిగ్గా ఇక్కడే, జాగ్రత్త.

ఇక గీత సంగతి. "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" తెలియనివాళ్లు లేరు. నీ వాట్సాప్‌కి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఉండదు. పైన రథం బొమ్మ, కింద "పని చెయ్యి, ఫలితం ఆశించకు" అని అర్థం. అది రెండో అధ్యాయం 47వ శ్లోకంలో సగం మాత్రమే. మిగతా సగం ఏమిటో ఎవరినైనా అడిగి చూడు. "మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి." బొమ్మ మీద చోటు చాలకో ఏమో ఇది రాదు. చివరి మాటలు విడదీసి చూడు: సంగః, అస్తు, అకర్మణి. "పని మానెయ్యడం మీద నీకు మక్కువ కలగకూడదు" అని అర్థం. సంధి విడదీయకుండా గబగబా చదివితే చెవికి "కర్మణి" అనే తగులుతుంది. అప్పుడు "పని మీద ఆసక్తి వద్దు" అని అర్థం తలకిందులవుతుంది. నేనే చాలాకాలం అలా అనుకున్నాను. తాతయ్య పుస్తకంలో ప్రతిపదార్థం చూస్తూంటే "అకర్మణి" అని విడిగా అచ్చులో కనబడి నాలుక కరుచుకున్నాను.

మొదటి సగమే తెలిసినవాడు "ఫలితం మన చేతిలో లేదు కదా, ఎందుకీ శ్రమ" అని కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు. రెండో సగం ఆ దారి మూసేస్తుంది. ఆ కిందనే 48లో "సమత్వం యోగ ఉచ్యతే" వస్తుంది, 50లో "యోగః కర్మసు కౌశలం" వస్తుంది. పుస్తకంలో ఇవన్నీ ఒక పేజీలోనో, పేజీ తిప్పితేనో ఉంటాయి. వద్దన్నా కన్ను పడుతుంది. వెతికినప్పుడు నెట్ మాత్రం అడిగిన శ్లోకం తెచ్చి ఇస్తుంది. అడగాలని నీకు తోచని శ్లోకం పక్కనే ఉన్నా ఊరుకుంటుంది.

"సెర్చ్ చేస్తే ఆ మాట ఎక్కడెక్కడ ఉందో అన్నీ వస్తాయి కదా" అంటావు. రావు. నువ్వే చేసి చూడు. పదాలు విడగొట్టని గీతా మూలం తెలుగు లిపిలో తెరిచి "అకర్మ" అని వెతుకు. నాలుగో అధ్యాయం 17వ శ్లోకంలో "అకర్మణశ్చ బోద్ధవ్యం" దగ్గర ఆగుతుంది. అంతే. మరి 2వ అధ్యాయం 47? "స్త్వకర్మణి"లో అకారం సంధిలో కలిసిపోయింది. 3వ అధ్యాయం 8లో "హ్యకర్మణః" అయింది. 4వ అధ్యాయం 18 అయితే అకర్మ అంటే ఏమిటో చెప్పే అసలు శ్లోకం, "కర్మణ్యకర్మ యః పశ్యేదకర్మణి చ కర్మ యః". అందులో ఆ మాట రెండుసార్లు ఉంది, రెండుసార్లూ యంత్రానికి కనపడదు. దీనికి తోడు ఒకచోట "సంగ" అని, ఇంకోచోట "సఙ్గ" అని రాస్తారు. మనకి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. స్కాన్ చేసిన పాత పుస్తకాలు కొన్ని వట్టి ఫొటోలు, వాటిలో వెతకడమే కుదరదు. అక్షరాలుగా మార్చినవాటిలో ధ, థ అయి, వ, ప అయి కూర్చుంటాయి. అందుకే నెట్‌లో "ఫలితాలు లేవు" అని వస్తే గ్రంథంలో లేదని తీర్మానించకు.

తాతయ్య బీరువాలో గీతలకి చివర అకారాది శ్లోకసూచిక ఉంటుంది చూడు. ప్రతి శ్లోకం మొదటి పాదం అక్షరక్రమంలో ఉంటుంది. అది వాడటం అలవాటైతే నీ ఫోన్ అన్‌లాక్ చేసేలోపు శ్లోకం దొరుకుతుంది. పందెం కాస్తాను.

శ్లోకసంఖ్యల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. 13వ అధ్యాయం కొన్ని ప్రతుల్లో అర్జునుడి ప్రశ్నతో, "ప్రకృతిం పురుషం చైవ" అని మొదలవుతుంది. కొన్నిటిలో ఆ శ్లోకం ఉండదు, నేరుగా "ఇదం శరీరం కౌంతేయ" అనే మొదలవుతుంది. ఉన్నవాటిలో గీత మొత్తం 701 శ్లోకాలు, లేనివాటిలో 700. దాంతో ఆ అధ్యాయంలో ప్రతి సంఖ్యా ఒకటి జరుగుతుంది. ఒక సైటులో శ్లోకం, ఇంకో సైటులో దాని వ్యాఖ్య తెరిచి, "ఇదేమిటి, అర్థం పొంతన లేదు" అని నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. నా మిత్రుడి కథ ఇంకా తమాషా. మొదటి అధ్యాయానికి శంకరభాష్యం ఎంత నొక్కినా రావడం లేదని, సైటు పాడైందని ఫోన్ చేశాడు. శంకరులు మొదటి అధ్యాయానికి శ్లోకవ్యాఖ్య రాయలేదు. ఉపోద్ఘాతం తర్వాత శ్లోకాల వారీ వ్యాఖ్య రెండో అధ్యాయం 11వ శ్లోకం నుంచి మొదలవుతుంది. పుస్తకం మొదటి పేజీ నుంచి తెరిచినవాడికి ఈ అనుమానమే రాదు.

అచ్చు పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకు. అచ్చయినంత మాత్రాన నిజం కాదు. "జరిగినదంతా మంచికే జరిగింది" అంటూ గీతాసారమని పటాలు కట్టి ఇళ్లలో, ఆఫీసుల్లో వేలాడదీస్తారే, ఆ మాటలు గీతలో ఏ శ్లోకానికీ అర్థం కావు. అది అచ్చుకాగితం మీదే ఇంటింటికీ వెళ్లింది, ఇంటర్నెట్ పాపం కాదు.

నెట్ వల్ల నేను పడ్డ భంగపాటు కూడా చెప్పాలి. ఒక సభలో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. "అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ" అని మహాభారతంలో ఉందని గొంతెత్తి చెప్పాను. అంతకు ముందురోజు నాలుగైదు చోట్ల చూసి రాసుకున్నదే. సభ అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, "ఏ పర్వమండీ?" అన్నాడు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. అనుశాసన పర్వంలో "అహింసా పరమో ధర్మస్తథాహింసా పరో దమః" అని ఉంది. అరణ్య పర్వంలో "స చ సత్యే ప్రతిష్ఠితః" అని ఉంది. నేను చెప్పిన రెండో ముక్క నాకెక్కడా దొరకలేదు. తృప్తి తీరక పుణేలోని భండార్కర్ సంస్థవారి పరిశోధిత ప్రతిలో కూడా చూశాను. 1919లో మొదలుపెట్టి 1966 దాకా, వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చి తయారుచేసిన ప్రతి అది. అందులోనూ లేదు. ఆ సంపుటాలన్నీ మన ఇంట్లో ఎక్కడివి? దాని పాఠం నెట్‌లోనే ఉంది, కుర్చీలోంచి లేవకుండా చూశాను. తప్పు నేర్పిందీ నెట్టే, తప్పు పట్టిచ్చిందీ నెట్టే. మొదటిసారి ఎవరో పంచింది చూసి వచ్చాను, రెండోసారి "ఏ పర్వం?" అనే ప్రశ్నతో వెళ్లాను. తేడా అదీ. కాబట్టి ఏ వాక్యం వచ్చినా ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఎన్నో శ్లోకం అని అడుగు. జవాబు లేకపోతే బాగుందనిపించినా ముందుకి పంపకు. ఏఐని అడిగితే సంఖ్యతో సహా చెప్తుంది కదా అనకు. ఆ సంఖ్య పట్టుకుని మూలం తెరిస్తే అక్కడ ఇంకేదో శ్లోకం ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇదంతా ఇవాళ్టి గొడవ అనుకుంటాం గానీ పాతదే. వేదం ఎలా చదవకూడదో చెబుతూ పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ గ్రంథంలో ఆరుగురు అధమ పాఠకుల్ని లెక్కపెట్టారు. "గీతీ శీఘ్రీ శిరఃకంపీ తథా లిఖితపాఠకః, అనర్థజ్ఞోఽల్పకంఠశ్చ." రాగాలు తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు చాలనివాడు. శీఘ్రి ఉన్నాడు, నీ స్పీడు నెట్‌కి చురక. లిఖితపాఠకుడూ ఉన్నాడు, అంటే పుస్తకం పట్టుకుని నీకు నీతులు చెబుతున్న నాకూ చురకే. వాళ్ల దృష్టిలో పాఠం ఉండాల్సిన చోటు తాటాకూ కాదు, కాగితమూ కాదు. తాతయ్య గీత పుస్తకం ముందు పెట్టుకునేవాడే గానీ చాలా శ్లోకాలకి పేజీ వంక చూసేవాడు కాదు. ఫలానా శ్లోకం ఎడమ పేజీలో కింద ఉంటుందని కళ్లు మూసుకుని చెప్పేవాడు. పుస్తకంలో శ్లోకానికి ఒక చోటుంటుంది, ఆ చోటుతో సహా మనసుకి పడుతుంది. ఫోన్‌లో అక్షరం సైజు మార్చగానే పేజీ అంతా జరిగిపోతుంది. నాకైతే తెర మీద చదివినవి ఎక్కడ చదివానో గుర్తుండవు. నీ వయసువాళ్లకి ఎలా ఉంటుందో నువ్వే చూసుకో.

మరి నెట్ ఎందుకంటావా? పుస్తకం చెయ్యలేనివి చాలా ఉన్నాయి. గీత చివరికొచ్చాక 18వ అధ్యాయం 66, "సర్వధర్మాన్ పరిత్యజ్య" వస్తుంది. అన్ని ధర్మాలూ విడిచిపెట్టడమంటే ఏమిటి? శంకరులు సర్వకర్మ సన్న్యాసమని చెబుతారు. రామానుజులు కర్మ చేస్తూనే ఫలాన్నీ, నేనే చేస్తున్నానన్న భావాన్నీ విడవడమంటారు, పైగా ఇంకో అర్థం కూడా ఇస్తారు. ఒకప్పుడు ఈ రెండూ పక్కపక్కన చూడాలంటే ఇద్దరి ఇళ్లకు తిరిగి రెండు పుస్తకాలు అడిగి తెచ్చుకోవాలి. ఇప్పుడు ఐఐటీ కాన్పూర్‌వారి గీతా సూపర్‌సైట్‌లో శ్లోకం కింద వ్యాఖ్యలు వరుసగా తెరుచుకోవచ్చు. కాకపోతే మొదటిసారి చదివేటప్పుడు ఆ పని చెయ్యకు. ఒక వ్యాఖ్యానంతో చివరిదాకా వెళ్లాక ఇంకొకరి మాట వింటే తేడా తెలుస్తుంది. మొదటిరోజే అందరినీ ఒకేసారి వింటే ఎవరూ వినబడరు.

మాటల అర్థాలకి ఆంధ్రభారతి నిఘంటు శోధన వాడు. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు లాంటివి అన్నీ ఒక్క నొక్కులో వస్తాయి. పోతన భాగవతం చదవాలనిపిస్తే తెలుగుభాగవతం సైటులో పద్యాలకి టీక, భావం ఉన్నాయి. శ్లోకం ఎలా పలకాలో కూడా నెట్‌లో విని నేర్చుకో, అది ఏ పుస్తకమూ నేర్పలేదు. విసర్గ ఎలా పలకాలో నేను కాగితం మీద చదివి నేర్చుకుని పదేళ్లు తప్పు పలికాను.

భాగవతం అన్నాను కనక ఒక మాట. పుస్తకంలో పీఠిక దాటెయ్యకు. తెలుగు భాగవతమంతా పోతనదే అనుకుంటాం. పంచమ స్కంధం బొప్పరాజు గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ రాశారు. విడిగా పద్యం పంచుకున్నప్పుడు అన్నిటికింద "పోతన" అనే ఉంటుంది. పాపం సింగన.

ఇక ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. బీరువాలో గీతలు నాలుగైదు ఉంటాయి. శ్లోకం, ప్రతిపదార్థం, తాత్పర్యం మూడూ ఉన్నది ఒకటి తీసుకో. వావిళ్లవారిదైనా, గీతా ప్రెస్‌వారిదైనా ఫరవాలేదు. ఏది మంచిదని నెట్‌లో వెతకడం మొదలుపెడితే నెల పోతుంది. రోజూ అరగంట చాలు. ఆ అరగంట ఫోన్ వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కనే బోర్లించుకోవడం కాదు, వేరే గదిలోనే. నాకు ఆ మాత్రం నిగ్రహం లేదని ఈ వయసులో తెలిసింది, అందుకే చెప్తున్నాను. శ్లోకం ఒకసారి పైకి చదువు, ప్రతిపదార్థం చూడు, మళ్లీ పైకి చదువు. రెండు శ్లోకాలైతే రెండే. 700ని రోజుకి రెండు చొప్పున లెక్కేస్తే ఏడాదిలోపు అయిపోతుంది.

చదువుతుంటే సందేహాలు వస్తాయి. అప్పుడే లేచి ఫోన్ దగ్గరికి పరుగెత్తకు. పక్కన నోటుబుక్కులో శ్లోకసంఖ్య, ప్రశ్న రాసిపెట్టు. ఆదివారం కూర్చుని ఆ ప్రశ్నలన్నిటికీ నెట్‌లో వెతుకు. చూస్తావుగా, వారం తిరిగేసరికి సగం ప్రశ్నలకి ముందు శ్లోకాల్లోనే జవాబు దొరికి ఉంటుంది. అర్జునుడు కూడా మూడో అధ్యాయం మొదట్లో, "జ్ఞానమే గొప్పదైతే నన్ను ఈ ఘోరకర్మలో ఎందుకు దించుతున్నావు?" అని అడుగుతాడు. ఆ అనుమానం నీకు రెండో అధ్యాయంలోనే వస్తుంది. అక్కడే ఆపి వెతికావనుకో, ఎవరో రాసిన పెద్ద వ్యాసం దొరుకుతుంది, దాని కింద ఇంకో లింకు, చివరికి ఎక్కడ తేలతావో తెలియదు. నాలుగు రోజులు ఓపిక పడితే అదే ప్రశ్న అతనే అడుగుతాడు, సమాధానం ఎవరు చెప్పాలో వారే చెబుతారు.

నెట్‌లోనూ తీరని ప్రశ్నలు మిగిలితే మనిషిని అడుగు. పావు వంతు గురువు దగ్గర, పావు సొంత బుద్ధితో, పావు తోటి విద్యార్థుల దగ్గర, మిగతా పావు కాలం గడిచేకొద్దీ వస్తుందని పాత శ్లోకం ఒకటుంది. ఆ ఆఖరి పావు ఏ కనెక్షన్‌తోనూ దిగదు. నేను 2వ అధ్యాయం పాతికేళ్లప్పుడు చదివాను, తాతయ్య చనిపోయిన ఏడాది మళ్లీ చదివాను. పుస్తకం అదే. "అశోచ్యానన్వశోచస్త్వం", అంటే "దుఃఖించకూడనివారి కోసం దుఃఖిస్తున్నావు" అన్న దగ్గర ఆ రెండోసారి పేజీ తిప్పలేకపోయాను.

ఇంతకీ బీరువా సంగతి. అన్నీ ఉంచమనను. పురుగు పట్టినవీ, ముట్టుకుంటే పొడయ్యేవీ ఉంటాయి. వాటి స్కాన్ నెట్‌లో ఉందో లేదో చూడు. ఉంటే పేజీలన్నీ పూర్తిగా ఉన్నాయో లేదో కూడా చూడు, నాకు దొరికిన స్కాన్లలో ఎప్పుడూ సరిగ్గా నాకు కావలసిన పేజీయే మడతపడి ఉంటుంది. స్కాన్ లేనిదైతే ఎవరికీ ఇవ్వకు, నేనొచ్చి చూస్తాను. ఒకే పుస్తకానికి రెండు ప్రతులుంటే ఒకటి ఇచ్చెయ్యి, చదివేవాళ్లకి మాత్రమే.

నువ్వు తీసుకునే గీతలో మొదటనో చివరనో తప్పొప్పుల పట్టిక ఉంటుంది. చదవడం మొదలుపెట్టే ముందు ఆ తప్పులన్నీ పెన్సిల్‌తో ఆయా పేజీల్లో దిద్దుకో, గంట పని. తాతయ్య కొన్ని దిద్ది ఉంటాడు, సగంలో వదిలేసే అలవాటుంది ఆయనకి. పట్టికలో లేని తప్పేదైనా నీ కంటపడితే పేజీ నంబరుతో ఫొటో తీసి పంపు. నా దగ్గరున్నదీ అదే అచ్చు, నేనూ దిద్దుకుంటాను.

మీ పెదనాన్న